సరస్సు రోడ్డుకి సున్నం

సియాటిల్ దగ్గర బాతెల్‌లో ఉండే మిత్రుడి కూతురు సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి ఒక కౌంటీ రోడ్ల ఆఫీసులో చేరబోతోంది. "అంకుల్, మీరు అన్నేళ్లు అదే జాబ్ చేశారు కదా, ఏమైనా అడ్వైస్ ఇవ్వండి" అని ఫోన్ చేసింది. వాళ్ల నాన్న ఇంట్లో రెండో ఫోన్ ఎత్తి, "వాడు చెప్పేదాంట్లో సగమే నమ్మమ్మా" అన్నాడు. ఏ సగమో చెప్పలేదు. అందుకే రాసి పంపుతున్నాను. కాగితం మీద ఉంటే ఆ సగమేదో తీరిగ్గా తేల్చుకోవచ్చు.

ప్రమోషన్లు, ఫైళ్లు, మీటింగులు వదిలేశాను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి. నడుం మొరాయించి యాభై మూడేళ్లకే రిటైరయ్యేదాకా నేను నిజంగా చేసిన పని ఏమిటో మాత్రం చెబుతాను.

రోడ్డు, దాని మీద తిరిగేవాళ్లు

డెబ్బైల చివర్లో మొదలుపెట్టి ఎనభైలన్నీ నేను పనిచేసింది అమెరికాకి వాయవ్య మూల, కెనడా సరిహద్దుకి దగ్గరగా ఉన్న ఒక కౌంటీలో. దాని పేరు చెప్పను. పెన్షన్ ఇంకా వాళ్లే పంపుతున్నారు.

నా చేతికి ఇచ్చిన రోడ్డు పదకొండు మైళ్లు. ఒక పక్క సరస్సు, ఇంకో పక్క కొండ. పడమటికి వలస వచ్చిన మొదటి కుటుంబాలు గుర్రబ్బండ్ల కోసం తవ్వుకున్న బాట అది. తరవాత వచ్చినవాళ్లు దాని మీదే కంకర పోశారు, ఆ తరవాతివాళ్లు తారు పోశారు, నేను గుంతలు పూడ్చాను. రోడ్డు పొడుగునా నిటారుగా పాప్లర్ చెట్లు. వాటి ఆకులు గాలి లేకపోయినా చప్పుడు చేస్తాయి. అందులో ఒకదాని మీద ఆస్ప్రే అనే చేపలగద్ద గూడు ఉండేది. అది సరస్సులో పట్టిన చేపల్లో మూడోవంతు మా తారు మీదే జారవిడిచేది. వాటిని ఏరడం కూడా మా శాఖ పనే.

కల్వర్టులకి బీవర్లు, అంటే చెట్లు కొరికి పడేసే నీటి జంతువులు, అడ్డుకట్టలు కట్టేవి. సాయంత్రం మేం తీసేస్తే పొద్దుటికి మళ్లీ కట్టేవి. అంత పట్టుదల ఉన్న ఇంజనీర్లని మనుషుల్లో నేను ఇద్దరినే చూశాను. ఇక మూస్ అనే జంతువు ఉంది. దున్నపోతుకి ఒంటె కాళ్లు పెట్టి, ముఖం ఎవరిదో తెలియక వదిలేసినట్టు ఉంటుంది. మూడో మైలు దగ్గర ఒక ఆడ మూస్ స్టాప్ బోర్డు దగ్గర ఆగి, రెండు పక్కలా చూసి దాటేది. ఒకసారి ఒక టూరిస్టు ఆగకుండా పోతే అతని నంబర్ ప్లేటు కేసి చాలాసేపు చూసింది. ఈ సంగతి ఆఫీసులో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఏడో మైలు గుంతలో ట్రౌట్ చేపలు పెరుగుతున్నాయనీ, చేపల శాఖవాళ్లు లైసెన్స్ అడిగారనీ అంతకుముందు వారమే చెప్పి ఉన్నాను. దాని ప్రభావం కావచ్చు.

గడ్డి అంటే ఏమిటి

చేరిన మొదటి వసంతంలో రోడ్డు పక్క గడ్డి మోకాలెత్తు పెరిగిందని మొత్తం కోయించాను. మర్నాడు పొద్దున ఆఫీసు మెట్ల మీద రబ్బరు బూట్లు వేసుకున్న పెద్దావిడ ఒకరు నిలబడి ఉన్నారు. చేతిలో కోసిన కాడల కట్ట.

"ఇవేమిటో తెలుసా?"

"గడ్డి."

"లూపిన్లు. ఇంకో తొమ్మిది రోజుల్లో పూసేవి. కొండవార అంతా నీలంగా ఉండేది."

"సారీ అండీ."

"నాకెందుకు సారీ? తేనెటీగలకి చెప్పు."

ఆవిడే మిసెస్ హాల్వర్సన్. డెబ్బై ఆరేళ్లు. ఆ బండ్ల బాట తవ్వించింది వాళ్ల తాతగారు. ప్రతి వసంతంలోనూ ఆవిడ పదకొండు మైళ్లూ విడతలుగా నడిచి ఏ పువ్వు ఎక్కడ పూసిందో చూసుకునేవారు. ఆ తరవాత నేను ఆగస్టులో విత్తనాలు రాలాకే కోయించాను. గడ్డి ఎన్ని అంగుళాలు పెరిగితే కోయాలో ఆఫీసు మాన్యువల్‌లో ఉంటుంది. ఏది గడ్డో అందులో ఉండదు. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది నేను హాస్యానికి రాశాననుకోవచ్చు.

వాల్ట్

నా బాస్ వాల్ట్, రోడ్ల సూపరింటెండెంట్. రోజుకి నలభై మాటలు మాట్లాడేవాడు, అందులో పది కాఫీ గురించి. చేరిన రోజున నన్ను ట్రక్కులో ఎక్కించుకుని పదకొండు మైళ్లూ నోరెత్తకుండా తిప్పి, చివర్లో "రోడ్డు చూడకు రావ్. పక్క కాలవ చూడు. నీళ్లు అక్కడ నిలిస్తే రోడ్డు ఇక్కడ పోతుంది" అన్నాడు. నేను చదివిన రెండు డిగ్రీల్లో ఇంత పనికొచ్చే మాట లేదు.

ఆయన్ని చాలా గౌరవిస్తాను. కానీ నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆయన ప్రతి విషయాన్నీ బుర్రలోనే దాచుకునేవాడు. ఏ కల్వర్టు ఎప్పుడు పోతుందో, ఏ చెట్టు ఎప్పుడు పడుతుందో ఆయనకి తెలుసు. కాగితం మీద ఉండదు, మనకి చెప్పడు. అలాంటి బాస్ చాలా మంచివాడు, ఊళ్లో ఉన్నన్నాళ్లూ.

ఒక ఏడాది మే నెలలో మా రోడ్డుని సీనిక్ డ్రైవ్‌గా ప్రకటించడానికి గవర్నరు వస్తున్నాడని కబురొచ్చింది. మంగళవారం కార్యక్రమం. వాల్ట్ ఏటా ఆ వారంలోనే కెనడాలో ఫోన్ లేని ఏదో దీవికి చేపలు పట్టడానికి వెళతాడు. గవర్నరు కోసం చేపలు ఆగవు కాబట్టి ఆ ఏడాదీ వెళ్లాడు. "మంగళవారం పొద్దున వచ్చేస్తా. రోడ్డు శుభ్రంగా ఉంచు" అన్నాడు. మొదటిసారి ఆఫీసు మొత్తం నా చేతికి వచ్చింది.

మంత్రిగారొస్తే చేసే పని

అమెరికా రాకముందు గుంటూరు పక్క రోడ్ల శాఖలో నాలుగేళ్లు జూనియర్ ఇంజనీరుగా చేశాను. అక్కడ మంత్రిగారొస్తున్నారంటే ఏం చేయాలో మేస్త్రీ దగ్గర్నుంచి చీఫ్ ఇంజనీరు దాకా అందరికీ తెలుసు. గుంతలు పూడ్చకపోయినా ఫర్వాలేదు. రోడ్డు పక్క ప్రతి చెట్టుకీ నడుం ఎత్తున సున్నం పట్టీ పడాలి. తెల్లని చెట్ల మధ్య కారు పోతుంటే రోడ్డు సగం బాగున్నట్టు అదే కనిపిస్తుంది.

మా సరస్సు రోడ్డుకి అంతకంటే మర్యాద ఏం చేయగలం? ఇరవై బస్తాల సున్నం తెప్పించి, మా మేస్త్రీ నేర్పిన పాళ్లలో బంక, ఉప్పు కలిపించాను. ఉప్పు కలిపితే పట్టు బాగుంటుంది. మా గోడౌన్‌లో మంచు కరిగించే ఉప్పు టన్నులకొద్దీ ఉంది. రోడ్డు చదును చేసే గ్రేడర్ నడిపే డ్వేన్‌ని పిలిచి, మనుషుల్ని తీసుకుని గురువారం, శుక్రవారం పాప్లర్లన్నిటికీ పట్టీలు వేయమన్నాను.

"అన్నిటికీనా?" అన్నాడు డ్వేన్.

"అన్నిటికీ."

"ఆస్ప్రే గూడు ఉన్నదానికి కూడానా?"

"దానికి కాస్త దట్టంగా వెయ్యి. గవర్నరు అక్కడే దిగుతాడు."

డ్వేన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఉక్కపోతకనుకున్నాను. మధ్యాహ్నం వెళ్లి చూస్తే పని చేసేవాళ్లందరూ టోపీలు తీసేసి ఉన్నారు. ఒకతను ఒక చెట్టుని చేత్తో తట్టాడు. మనవాళ్ల కంటే ఎంత శ్రద్ధగా పని చేస్తారో అని ఇంటికొచ్చి మా ఆవిడ సరోజకి చెప్పాను.

ఎర్ల్

శుక్రవారం నాలుగు గంటలకి ఎర్ల్ ఆఫీసుకొచ్చాడు. అతను చెట్లు కొట్టే కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్. కుర్చీలో కూలబడి కాంట్రాక్టు కాగితం బల్ల మీద పెట్టాడు.

"రావ్, నాకు చెప్పింది పంతొమ్మిది చెట్లు. ఇప్పుడు చూస్తే రోడ్డు రోడ్డంతా ఉంది. మీరు గట్టివాళ్లే. సోమవారం ఏడింటికి మొదలుపెడతాం, ఇంకో ఇద్దరు రంపం మనుషుల్ని తెస్తున్నా."

"ఏం మొదలుపెడతారు?"

కాగితం నా వైపు తిప్పాడు. పడిపోయే ప్రమాదం ఉన్న చెట్లను సూపరింటెండెంటు తెల్ల పట్టీతో గుర్తిస్తారు, గుర్తున్న ప్రతి చెట్టునూ సోమవారం నుంచి నేలమట్టానికి కొట్టాలి అని ఉంది. కింద వాల్ట్ సంతకం. వాల్ట్ పంతొమ్మిదింటికి వేలెడు పట్టీలు ఎప్పుడో గీసి, నాకు చెప్పకుండా చేపలకెళ్లాడు. నేను వాటి మీదుగా జానెడు పట్టీలు వేయించి, మిగతా రెండువందల చెట్లనీ వాటితో కలిపేశాను.

"ఎర్ల్, అది కొట్టే గుర్తు కాదు. మా దేశంలో పెద్దవాళ్లొస్తే చెట్లకి రంగు వేస్తాం. గౌరవం."

ఎర్ల్ బల్ల మీద గుద్ది మరీ నవ్వాడు. "మూస్ కథ కంటే ఇది బాగుంది."

"నిజం ఎర్ల్."

"చెట్లకి గౌరవం! ట్రౌట్ కథ కంటే కూడా బాగుంది." కళ్లు తుడుచుకుని లేచాడు. "చూడు, కాంట్రాక్టు మార్చాలంటే వాల్ట్ సంతకం కావాలి. ఆయన మంగళవారం గానీ రాడు. మావాళ్లకి సోమవారం పని లేకపోతే మా ఓనర్ నన్ను కొడతాడు."

కౌంటీ కమిషనర్ ఇంటికి ఫోన్ చేశాను. మొదటి మాటకే నవ్వి, భార్యని కూడా పిలిచి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఇద్దరూ నవ్వి, థాంక్స్ చెప్పి పెట్టేశారు. డ్వేన్‌ని సాక్ష్యం అడిగాను. "నువ్వు అన్నిటికీ అన్నావు" అన్నాడు. వాళ్లు టోపీలు తీసింది ఎందుకో అప్పుడు అర్థమైంది. అక్కడ చావు దగ్గర టోపీ తీస్తారు.

కొత్తగా చేరే పిల్లలూ, కథలు చెప్పడం తప్పని నేననను. నాకు అన్నం కంటే ఎక్కువ ఇష్టం. అయితే ఏదో ఒక శుక్రవారం నాలుగింటికి మీకు ఒక నిజం చెప్పాల్సిన అవసరం వస్తుంది. ఆ రోజుకి కాస్త పరపతి మిగుల్చుకోండి.

శనివారం పొద్దున

తెల్లవారగానే బ్రష్షులు, బకెట్లు పట్టుకుని సరోజతో వెళ్లాను. మా మేస్త్రీ పాళ్లు మహా గట్టివి. పాప్లర్ బెరడు పగుళ్లలో సున్నం సిమెంటులా పట్టేసింది. గంటలో ఒక చెట్టుకి పావు వంతు పోయింది. కాస్త అవతల ఆ ఆడ మూస్ ఉప్పు రుచికి ఇంకో చెట్టుని నాకుతోంది. దానికి సగం పోయింది. లెక్క వేశాను. నలభై మూస్‌లు ఉంటే సోమవారానికి అయిపోతుంది. ఉన్నది ఒకటే. అదీ స్టాప్ బోర్డులు పాటించే రకం, తొందరపెడితే వినదు.

అప్పుడు మిసెస్ హాల్వర్సన్ నడుచుకుంటూ వచ్చారు. ఒక చెట్టు పట్టీ చూశారు, రోడ్డు పొడుగునా చూశారు. అరవలేదు. రాతి మీద కూర్చున్నారు.

"మా తాత వీటిని పూలకోసం నాటలేదు, నీడకోసం నాటలేదు" అన్నారు. "మంచు కురిస్తే బాట ఏదో సరస్సు ఏదో తెలిసేది కాదు. రెండో చలికాలంలో ఆయన తమ్ముడు బండితో సహా గడ్డకట్టిన సరస్సు మీదికెళ్లి, గడ్డ పగిలి మునిగిపోయాడు. ఆ వసంతంలోనే బాట అంచున వరసగా నాటారు. నువ్వు వాటిని ఒక్క వారంలో..."

నేను మొత్తం చెప్పాను. గుంటూరు, మంత్రి, సున్నం, ఉప్పు, ఎర్ల్, ఫోన్‌లో కమిషనరూ భార్యా.

"ఆ మంత్రికి నచ్చిందా?"

"ఆయన కారులో నిద్రపోయాడండి."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "ఇది నిజమే."

"మీరెలా నమ్మారు?"

"నీ అబద్ధాలన్నీ నేను విన్నాను. వాటిల్లో ఎప్పుడూ నువ్వే తెలివైనవాడివి. ఇందులో పూర్తిగా వెధవ్వి."

తడి గుడ్డ పిండుతున్న సరోజ తెలుగులో, "ఆవిడెవరో గానీ మీ సంగతి బాగా పట్టేసిందండీ" అంది. తరవాత నడుం పట్టుకుని లేచి, "ఇది జన్మలో పోదు గానీ, చెరపడం మానేసి అన్నిటికీ పూసెయ్యండి" అంది.

"చెట్లన్నిటికీ పూసే కదా ఈ గొడవ."

"చెట్లకే ఎందుకూ? స్తంభాలకీ, రాళ్లకీ, కనబడ్డ ప్రతిదానికీ. పెళ్లింట్లో అందరికీ బాసికం కడితే పెళ్లికూతుర్ని ఎవరు పోల్చుకుంటారు?"

బాసికం అంటే ఏమిటో మిసెస్ హాల్వర్సన్‌కి చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆలోచన అర్థం కావడానికి అయిదు సెకన్లు కూడా పట్టలేదు. ఆవిడ అప్పటికే రబ్బరు బూట్లతో బకెట్ దగ్గరికి నడుస్తున్నారు.

గోడౌన్‌లో మిగిలిన సున్నం తెచ్చుకుని శని, ఆది రెండు పగళ్లు. ఫోన్ స్తంభాలు, కంచె కర్రలు, మెయిల్‌బాక్సులు, మైలురాళ్లు, రోడ్డు పక్క బండరాళ్లు, చర్చి మెట్లు, వంతెన గోడలు. మధ్యాహ్నానికి డ్వేన్ వచ్చి చూసి, ఏమీ అడగకుండా బ్రష్ తీసుకున్నాడు. టోపీ పెట్టుకునే ఉన్నాడు. ఆదివారం సాయంత్రానికి పదకొండు మైళ్లలో తెల్ల పట్టీ లేనిది మూస్ ఒక్కటే. దానికి నాలుక మీద కొంచెం ఉంది.

సోమవారం ఏడింటికి

ఎర్ల్ మూడు ట్రక్కులతో వచ్చాడు. దిగాడు. ఒక పక్క చూశాడు, ఇంకో పక్క చూశాడు.

"రావ్, ఏంటిది?"

"చెప్పాను కదా, గవర్నరు గారికి స్వాగతం."

"కాంట్రాక్టులో తెల్ల పట్టీ ఉన్న..."

"ప్రతి చెట్టునూ అని ఉంది. ఆ ఫోన్ స్తంభం కూడా ఒకప్పుడు చెట్టే. దాంతో మొదలుపెట్టు. తరవాత చర్చి మెట్లు."

ఎర్ల్ తల గోక్కున్నాడు. "మరి అసలు కొట్టాల్సిన పంతొమ్మిదీ ఏవి?"

"అది వాల్ట్‌కి తెలుసు."

మేం మాట్లాడుతుండగా మిసెస్ హాల్వర్సన్ వెనక నుంచి వచ్చి ఎర్ల్ ట్రక్కు బంపరు మీద శ్రద్ధగా ఒక పట్టీ గీశారు. ఎర్ల్ అది చూశాడు, ఆవిడ ముఖం చూశాడు. రంపాలు మళ్లీ ట్రక్కులోకెక్కాయి. పోతూ పోతూ కిటికీలోంచి తల బయట పెట్టి, "అయితే నిజంగానే చెట్లకి గౌరవమా?" అన్నాడు. అవునన్నాను. ఈసారి నవ్వలేదు. కాస్త భయపడ్డట్టు కనిపించాడు.

మంగళవారం

వాల్ట్ పొద్దున ఏడున్నరకి రోడ్డంతా నడుపుకుంటూ వచ్చాడు. కాఫీ పోసుకున్నాడు.

"రావ్."

"చెప్పండి."

"నా మెయిల్‌బాక్స్ కూడానా?"

"అవునండీ."

ఒక గుక్క తాగాడు. "వంకరగా ఉంది."

ఆ తరవాత ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ వారంలోనే బుర్రలో ఉన్నవన్నీ నా చేత ఒక చార్టు మీద రాయించాడు. పంతొమ్మిది చెట్లనీ ఒక్కొక్కటిగా చూపించి, నిజంగా కుళ్లినవాటినే ఎర్ల్ చేత తీయించాడు. ఆస్ప్రే గూడున్నది ఆ జాబితాలో లేదు.

గవర్నరు పదింటికి వచ్చి, గూడున్న చెట్టు దగ్గరే దిగి, రోడ్డు పొడుగునా చూసి అడగాల్సిందే అడిగాడు. "ఈ తెల్ల పట్టీలు ఏమిటి?"

కమిషనర్ నా వైపు చూశాడు. వాల్ట్ సరస్సు వైపు చూశాడు. నాకు అప్పటికప్పుడు నాలుగు జవాబులు తోచాయి, నాలుగూ బ్రహ్మాండమైనవి. నేను నోరు తెరిచేలోపు మిసెస్ హాల్వర్సన్ ఒక అడుగు ముందుకేశారు.

"మా తాత పెట్టిన ఆచారమండీ. ఏటా వసంతంలో బండ్లవాళ్లు వచ్చి వేసేవాళ్లు, రాత్రిళ్లు గుర్రాలకి కనబడాలని."

గవర్నరు తల ఊపాడు. పక్కనున్న సెక్రటరీ పుస్తకం తీసి అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. చేతులు కలిపారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. తరవాత ఏడాది నుంచి ఆ చారిత్రక పట్టీలకి ఏటా మళ్లీ సున్నం వేయమని పై ఆఫీసు నుంచి ఉత్తరం రావడం మొదలైంది. రిటైరయ్యేదాకా వేయించాను.

అందరూ వెళ్లాక ఆవిడ అదే రాతి మీద కూర్చున్నారు. నేను దగ్గరికెళ్లి, "నన్ను కాపాడటానికి మీరు అబద్ధం ఆడక్కర్లేదండీ" అన్నాను.

"నిన్ను కాదు. చెట్లని. తాత పేరు చెబితే వాటి జోలికి ఇంకెవడూ రాడు." ఆవిడ బూటుకి అంటిన సున్నం రాతికి రుద్దారు. "నాకు మాటలొచ్చినప్పట్నుంచీ ఈ బాట గురించి నిజమే చెబుతున్నాను. ఒక్కడూ రాసుకోలేదు. ఇవాళ ఒక అబద్ధం చెప్పాను, వాడు పెన్ను తీశాడు."

జేబులో ఫీల్డ్ బుక్ ఉంది. తీసి, కాలవల కొలతలున్న పేజీలు తిప్పి, ఖాళీ పేజీ దగ్గర ఆగాను.

"మునిగిపోయిన తమ్ముడి పేరేమిటండీ?" అని అడిగాను.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాకా చెప్పారు. గుర్రాల పేర్లు, బండి రంగు, ఎన్ని మొక్కలు నాటితే ఎన్ని బతికాయో. కొన్నిచోట్ల ఒక్క మాట కలిపితే కథ అద్భుతంగా ఉండేది. నాకు చేతులు దురద పెట్టాయి. ఒక్క మాట కూడా కలపకుండా రాశాను. నా ఉద్యోగం మొత్తంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.